విడాకులు వద్దు, కలిసి ఉండలేం. చట్టంలో ఏ దారులున్నాయి?

వేకువ:
అందరికీ నమస్కారం. మా పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. అమ్మాయి ఇంజినీరింగ్, బాబు తొమ్మిదో తరగతి. మా ఆయన చెయ్యి చేసుకోవడం లాంటివి లేవు గానీ, మాటలతో మనిషిని నలిపెయ్యడం ఏళ్లుగా ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ పిల్లల ద్వారా కబురు పంపుకునే స్థితికి వచ్చాం. విడిగా ఉందామని ఇద్దరం అనుకున్నాం. విడాకులు మాత్రం ఇద్దరికీ వద్దు. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం, రేపు ఫ్యామిలీ పెన్షన్ సంగతి ఉంది. మళ్లీ పెళ్లి ఆలోచన ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఆయన స్టాంపు పేపరు మీద ఒప్పందం రాయించి తెచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: “మేమిరువురము ఇష్టపూర్వకముగా, ఎవరి ప్రోద్బలము లేకుండా, నేటి నుండి విడివిడిగా జీవించుటకు పరస్పరము అంగీకరించినాము. ఇకమీదట ఒకరిపై మరొకరికి ఎట్టి హక్కులు గానీ, మనోవర్తి బాధ్యత గానీ ఉండవు.” నెల నెలా డబ్బు ఇస్తానని నోటితో అంటున్నారు. సంతకం పెట్టొచ్చా?

పారిజాతం:
పెట్టకండి అక్కా. నోటితో ఇచ్చేది కాగితం మీద ఎందుకు రాయలేదో ముందు అడగండి. ఇక్కడ నల్లకోటు గారు ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేస్తారు, ఆవిడ వచ్చి చెప్పేదాకా ఆగండి.

నల్లకోటు:
వేకువ గారూ, ఆ రెండు వాక్యాలూ మీకు నష్టమే. రెండోది పైకే కనిపిస్తోంది. మొదటిది మామూలు మాటలా ఉంది కానీ అసలు ప్రమాదం అందులోనే ఉంది.

భార్య మనోవర్తి (పోషణ ఖర్చు) కోసం ఎక్కువగా వెళ్లేది పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 125 కింద. 2024 జులై 1 నుంచి అది, ఆ చట్టం స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 144 అయింది. దాని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే ఆ సెక్షన్ కింద భార్యకు మనోవర్తి రాదు. రేపు ఆయన డబ్బు ఆపేస్తే మీరు కేసు వేస్తారు. అవతలి లాయరు ఈ కాగితం తీసి కోర్టు ముందు పెడతాడు. సంతకం మీదే, సాక్షులూ ఉంటారు.

ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. పరస్పర అంగీకారంతో విడాకులే తీసుకున్న భార్యకు ఈ అడ్డు లేదు. విడాకులయ్యాక విడిగా ఉండటాన్ని ‘అంగీకారంతో విడిగా ఉండటం’గా చూడకూడదని 1995లో వనమాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కాపురాన్ని కాగితం మీద నిలబెట్టుకుందామనుకున్న భార్యకు, విడాకులు తీసుకున్న భార్యకంటే తక్కువ రక్షణ మిగిలే ప్రమాదం ఉంది. నా దగ్గరికి ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది. చాలామంది అందులో ఏముందో చదవకుండానే సంతకం పెట్టి ఉంటారు.

‘మనోవర్తి వదులుకున్నాను’ అన్న ముక్కను కోర్టులు సాధారణంగా ప్రజావిధానానికి (ప్రజాహితానికి) విరుద్ధంగానే చూస్తాయి. అయినా అది వాదించి గెలవాలి. ఆ వాయిదాలు పూర్తయ్యేలోపు ఇల్లు గడవాలి కదా.

ఇద్దరు పిల్లల నాన్న:
నల్లకోటు గారూ, నా వైపు నుంచి కూడా ఒకమాట. నేనూ విడిగానే ఉంటున్నాను. పేపరు లేకుండా బయటికొస్తే ‘వదిలేసి వెళ్లాడు’ అని కేసు పడుతుందన్న భయం మగవాళ్లకు ఉంటుంది. ఆయన ఆ భయంతోనే రాయించి ఉండొచ్చు. అన్నీ మోసం కోసమే అనుకోకండి.

నల్లకోటు:
న్యాయమైన మాటే అండీ. హిందూ వివాహ చట్టం 1955లో సెక్షన్ 13 కింద, రెండేళ్లు ఏకధాటిగా వదిలేసి ఉంటే అది విడాకులకు కారణం. అయితే సరైన కారణం లేకుండా, అవతలివాళ్ల అంగీకారం లేకుండా వదిలేస్తేనే. కాబట్టి అంగీకార పత్రం ఉంటే ‘వదిలేశారు’ అన్న ఆరోపణ నిలబడటం కష్టం, అది భార్య మీద వేసినా భర్త మీద వేసినా. ఒకే వాక్యం ఒకరికి రక్ష, ఇంకొకరికి శిక్ష అవుతోంది. అందుకే ఏ కాగితం అన్న దానికంటే ఆ కాగితం ఎక్కడ పుట్టిందన్నది ముఖ్యం అంటాను. కోర్టు ముద్ర పడ్డ కాగితం అయితే ఇద్దరికీ రక్షణ.

చిరుజల్లు:
కోర్టు ద్వారా విడిగా ఉండటాన్ని జ్యుడీషియల్ సెపరేషన్ అంటారు కదా, అది ఇదేనా? విడాకుల కంటే అందులో తేడా ఏంటి?

నల్లకోటు:
అవునండీ, హిందూ వివాహ చట్టం సెక్షన్ 10. ప్రత్యేక వివాహ చట్టం 1954 కింద రిజిస్టర్ చేసుకున్నవాళ్లకు సెక్షన్ 23. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వస్తే కలిసి కాపురం చెయ్యాల్సిన బాధ్యత పోతుంది, పెళ్లి మాత్రం ఉంటుంది. ఇద్దరూ మళ్లీ పెళ్లి చేసుకోకూడదు, చేసుకుంటే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) సెక్షన్ 82 కింద నేరం. పెళ్లి ఉంది కాబట్టి వారసత్వమూ ఉంటుంది. వీలునామా రాయకుండా భర్త చనిపోతే హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్య మొదటి తరగతి వారసురాలే. (స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాసే హక్కు ఆయనకు ఎప్పుడూ ఉంటుంది, అది మర్చిపోకండి.)

డిక్రీతో పాటు సెక్షన్ 25 కింద మనోవర్తి, సెక్షన్ 26 కింద పిల్లల సంరక్షణ అడగొచ్చు. కేసు నడుస్తుండగా సెక్షన్ 24 కింద మధ్యంతర మనోవర్తి ఉంది. 24, 25 రెండూ భర్త కూడా అడగొచ్చు. పెళ్లయి ఏడాది కాకుండా విడాకుల పిటిషన్ మామూలుగా వెయ్యనివ్వరు, సెపరేషన్‌కు ఆ గడువు లేదు. మనసు మారి కలిసిపోదామనుకుంటే డిక్రీని రద్దు చెయ్యమని అదే కోర్టును అడగొచ్చు.

భార్యలకు తెలియాల్సింది ఇంకోటి. డిక్రీతో గానీ, మరోలా గానీ విడిగా ఉంటున్న భార్య ఇష్టం లేకుండా భర్త ఆమెతో శారీరక సంబంధం పెట్టుకుంటే బీఎన్ఎస్ సెక్షన్ 67 కింద నేరం. రెండు నుంచి ఏడేళ్ల వరకు జైలు.

తెల్లకాగితం:
వినడానికి బాగానే ఉంది గానీ, సెపరేషన్ వచ్చిన ఏడాదికి ఎవరైనా విడాకులు అడగొచ్చు కదా? మరి వేకువ గారు విడాకులు వద్దంటుంటే ఆ దారిలోకి పంపడం ఎంతవరకు సబబు? నా అభిప్రాయం ఎవరికైనా నచ్చకపోతే క్షమించాలి. కలిసి ఉండలేమని తేలాక సగంసగం బంధం ఎవరికీ మంచిది కాదు. మా చెల్లెలు అలా ఏళ్లు గడిపింది. ఎక్కడ ఫారం నింపినా ‘వివాహిత’ అని రాసి, భర్త చిరునామా దగ్గర పెన్ను ఆపేసేది. పరస్పర అంగీకార విడాకులు తీసుకున్నాకే తేరుకుంది. సెక్షన్ 13బీ కింద ఏడాది విడిగా ఉంటే చాలు, ఆ తర్వాతి ఆరు నెలల గడువును కూడా తగిన కేసుల్లో కోర్టు మాఫీ చెయ్యొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పారిజాతం:
మీ చెల్లెలికి అది సరిపోయింది, సంతోషం. కానీ అక్క మందులకీ పెన్షన్‌కీ భయపడుతోంది, పెళ్లి అనే మాట కోసం కాదు. ఆ భయం చిన్నది కాదు.

నల్లకోటు:
తెల్లకాగితం గారు చెప్పిన ఏడాది విషయం నిజమే. సెక్షన్ 13(1ఏ) ప్రకారం డిక్రీ తర్వాత ఏడాదిపాటు మళ్లీ కాపురం మొదలవ్వకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులకు వెళ్లొచ్చు. డిక్రీ ఎవరు తెచ్చుకున్నారన్నది చూడరు. ఇది తెలిసే అడుగెయ్యాలి.

అలాగని అది తెరిచి పెట్టిన తలుపేం కాదు. తన తప్పును తనకే లాభంగా వాడుకోనివ్వకూడదని హిందూ వివాహ చట్టంలోనే సెక్షన్ 23 ఉంది. 2001లో హీరాచంద్ కేసులో భార్యకు సెపరేషన్ డిక్రీతో పాటు మనోవర్తి కూడా వచ్చింది. భర్త డబ్బు కట్టలేదు, వేరే ఆమెతో ఉన్నాడు, ఏడాది గడిచిందని విడాకులకు వచ్చాడు. సుప్రీంకోర్టు ఇవ్వలేదు.

వేకువ గారి కేసులో నాకున్న చిక్కు వేరే. సెక్షన్ 10లో ‘ఇద్దరం ఒప్పుకున్నాం, డిక్రీ ఇవ్వండి’ అనే దారి లేదు. విడాకులకు కావాల్సిన కారణాల్లో ఏదో ఒకటి, క్రూరత్వం లాంటిది, చూపించాలి. పైగా ఇద్దరూ కూడబలుక్కుని వేసిన పిటిషన్ అయితే కోర్టు తోసిపుచ్చాలని సెక్షన్ 23లోనే ఉంది. మానసిక క్రూరత్వం కూడా క్రూరత్వమే, 2007లో సమర్ ఘోష్ తీర్పు దానికి చాలా ఉదాహరణలు ఇచ్చింది. మీరు రాసిన మాటల హింస నిజంగా ఆ స్థాయిలో ఉంటే వెయ్యొచ్చు. వేస్తే ఆయన మీద ఆరోపణలు రాయాలి, ఆయన కౌంటర్ (జవాబు) వేస్తారు, పిల్లల ముందు పాత గాయాలన్నీ బయటపడతాయి. ఇప్పుడున్న కాస్త సామరస్యం కూడా పోవచ్చు. అది మీరు ఆలోచించుకోవాలి.

పాతఫైలు:
నేను పెన్షన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. కేంద్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షన్ నిబంధనల్లో కుటుంబం అంటే జ్యుడీషియల్ సెపరేషన్ పొందిన భార్య గానీ భర్త గానీ కూడా వస్తారు. వ్యభిచారం కారణంగా ఇచ్చిన సెపరేషన్ అయితే లెక్క వేరు. రాష్ట్ర సర్వీసైతే ఆ రాష్ట్ర రూల్స్ తెరిచి ఆ నిర్వచనం చదువుకోండి. విడాకులైతే మాత్రం భార్య హోదా పోతుంది, దాంతో పాటే ఫ్యామిలీ పెన్షన్ కూడా.

అమ్మా, ఒకటి గట్టిగా చెబుతున్నాను. సర్వీస్ రికార్డులో కుటుంబ వివరాల పత్రం ఉంటుంది. అందులో మీ పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. మనిషి పోయాక ఆ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే భార్యలను ఎంతోమందిని చూశాను.

జీవజలం:
మేము క్రైస్తవులం. మాకూ ఇవే సెక్షన్లా?

నల్లకోటు:
మీకు విడాకుల చట్టం 1869 వర్తిస్తుంది, అందులో సెక్షన్ 22. వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి ఉండటం వీటిలో ఏదైనా కారణం. ఒక పెద్ద తేడా ఉంది. సెక్షన్ 24 ప్రకారం డిక్రీ తర్వాత భార్య సంపాదించుకున్న ఆస్తి విషయంలో ఆమెను అవివాహితగానే చూస్తారు. వీలునామా లేకుండా ఆమె పోతే, ఆ ఆస్తి భర్త అప్పటికే చనిపోయి ఉంటే ఎవరికి వెళ్లేదో వాళ్లకే వెళ్తుంది. హిందూ చట్టంలో ఇలాంటి నియమం లేదు.

నెలవంక:
ముస్లింలకు?

నల్లకోటు:
సెక్షన్ 10 లాంటి సెపరేషన్ డిక్రీ ముస్లిం పర్సనల్ లాలో లేదు. ఖులా, ముబారత్ రెండూ వివాహాన్ని రద్దు చేసే పద్ధతులు. కానీ గృహహింస చట్టం 2005, మనోవర్తి సెక్షన్ అన్ని మతాల వాళ్లకూ ఉన్నాయి. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సెక్షన్ 125 కింద అడగొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

చిరుజల్లు:
విడిగా వెళ్లాక ఆయన ‘కాపురానికి రా’ అని కేసు వేస్తే? మా బంధువుల్లో ఒకామె అలాంటి నోటీసు అందుకుని, వెళ్లకపోతే పోలీసులు పట్టుకెళ్తారేమోనని వణికిపోయింది.

నల్లకోటు:
అది హిందూ వివాహ చట్టం సెక్షన్ 9. పోలీసులు పట్టుకెళ్లడం ఉండదు. డిక్రీ అమలు కోసం ఆస్తి జప్తు అడగొచ్చు, అంతే తప్ప మనిషిని లాక్కెళ్లి కాపురం చేయించలేరు. 1983లో సరీత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు, కాబట్టి సెక్షన్ ఇంకా ఉంది. అయితే ఆ డిక్రీ ప్రకారం వెళ్లలేదన్న ఒక్క కారణంతో భార్య మనోవర్తి ఆగిపోదని 2025 జనవరిలో రీనా కుమారి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆమె ఎందుకు వెళ్లలేదో చూడాలి. నోటీసు వస్తే భయపడి ఇంట్లో పెట్టుకోకండి, వాయిదాకి వెళ్లండి. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ అయిపోతుంది, అంటే మీ మాట వినకుండానే తేల్చేస్తారు, అసలు నష్టం అప్పుడే.

వేకువ:
అందరికీ చాలా థాంక్స్. సంతకం పెట్టలేదు. ఆయనకి సెక్షన్ 144 గురించి చెబితే ‘నాకు తెలీదు, రాసినాయన రాశాడు’ అన్నారు. అది నిజమేనని నమ్ముతున్నాను. ఆయన మీద ఆరోపణలు రాసి కోర్టుకెక్కాలని నాకు లేదు. నెలకి ఇంత, పిల్లల ఫీజులు, బాబు ఎవరి దగ్గర అన్నది ఇద్దరం కూర్చుని మాట్లాడుకోగలం. దాన్ని గట్టి కాగితం చెయ్యడానికి గొడవ లేని దారి ఉందా? ఇల్లు మా అత్తగారి పేరు మీద ఉంది. ఆయన బయట అద్దెకి వెళ్తానంటున్నారు, నేనూ పిల్లలూ ఇక్కడే.

నల్లకోటు:
ఉంది. నా దృష్టిలో మీకు సరిపోయేది అదే. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, కేసు ఇంకా వెయ్యని దశలోనే లోక్ అదాలత్‌లో (రాజీ కుదిర్చే వేదికలో) పెట్టమని దరఖాస్తు ఇవ్వండి. ఇద్దరినీ పిలుస్తారు. కుదిరిన షరతులు రాసి, సంతకాలు తీసుకుని అవార్డు ఇస్తారు. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987 సెక్షన్ 21 ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. డబ్బు ఆగితే కొత్తగా కేసు మొదలుపెట్టక్కర్లేదు, అమలు పిటిషన్ వేస్తే చాలు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, హెల్ప్‌లైన్ 15100.

ఇంకో మార్గం, హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956 సెక్షన్ 18. క్రూరత్వం గానీ, మరే న్యాయమైన కారణం గానీ ఉంటే భార్య మనోవర్తి హక్కు పోకుండా విడిగా ఉండొచ్చని అందులో ఉంది. ఆ సెక్షన్ కింద దావా వేసి, మొదటి వాయిదాల్లోనే రాజీ డిక్రీ చేసుకోవచ్చు. దావాలో కారణం చెప్పాల్సి వస్తుంది కాబట్టి మీకు లోక్ అదాలత్ తేలిక.

రాసేటప్పుడు ‘పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్నాం’ అన్న ఒంటరి వాక్యం రానివ్వకండి. ‘తీవ్రమైన అభిప్రాయ భేదాల వల్ల కలిసి జీవించడం సాధ్యం కానందున భార్య విడిగా నివసిస్తున్నది, ఇందువలన ఏ చట్టం కిందనైనా ఆమెకు గల మనోవర్తి, నివాస, వారసత్వ హక్కులకు భంగం లేదు, దీనిని ఏ పక్షమూ రెండవ పక్షము విడిచిపెట్టినట్లుగా చూపరాదు’ అనే ధోరణిలో ఉండాలి. చివరి ముక్క ఆయన కోసం. సంతకానికి ముందు ఒక లాయరుకు చూపించండి, మీ వివరాలకు తగ్గట్టు మారుస్తారు.

ఇల్లు అత్తగారిదైనా మీరు కాపురం చేసిన ఇల్లు కాబట్టి గృహహింస చట్టంలోని ‘షేర్డ్ హౌస్‌హోల్డ్’ అవుతుంది. 2020లో సతీశ్ చందర్ అహూజా తీర్పు అదే చెప్పింది. అది ఉండే హక్కే, ఆస్తిలో వాటా కాదు. రేపు అత్తగారు మనసు మార్చుకుంటే ఇబ్బంది కాబట్టి, ఆవిడను కూడా ఒప్పందంలో పార్టీగా చేర్చి సంతకం తీసుకోండి.

ఇద్దరు పిల్లల నాన్న:
పిల్లల గురించి రాసుకున్నది గట్టిగా నిలబడుతుందా? మా అబ్బాయి సెలవులకు నా దగ్గరికి రావాలని రాసుకున్నాం, రెండుసార్లు పంపలేదు.

నల్లకోటు:
పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఏం రాసుకున్నా కోర్టును కట్టెయ్యదు, పిల్లల క్షేమమే ముందు. కానీ డిక్రీ రూపంలో ఉంటే అమలు అడగొచ్చు. ‘సెలవులకు’ అని వదిలెయ్యకండి. వేసవి సెలవుల్లో ఏ వారం నుంచి ఏ వారం దాకా, ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు దింపాలి, వీడియో కాల్ ఏ రోజు అన్నది రాయాలి. తొమ్మిదో తరగతి పిల్లాడంటే వాడి ఇష్టం కూడా కోర్టు అడుగుతుంది. వేకువ గారూ, మీరిద్దరూ రాసేముందు బాబుని ఒకసారి అడగండి, ఎవరి దగ్గర ఉంటావు అని కాదు, ఏది ఎలా ఉంటే బాగుంటుందని.

తెల్లకాగితం:
నేను ముందు రాసింది వెనక్కి తీసుకోవడం లేదు గానీ, లోక్ అదాలత్ దారి ఇలా వాడొచ్చని తెలియదు. ఒక ప్రశ్న. ఇవాళ ఇంత అని రాసుకుంటే పదేళ్ల తర్వాత ఆ డబ్బు దేనికి సరిపోతుంది?

పాతఫైలు:
ఆయన జీతంలో ఇంత శాతం అని రాయించండి. డీఏ (కరువు భత్యం) పెరిగినప్పుడల్లా, పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడల్లా అదే పెరుగుతుంది. రిటైరయ్యాక పెన్షన్‌లో ఎంత శాతమో కూడా ఇప్పుడే రాయాలి, లేకపోతే జీతం ఆగిన నెల నుంచి తగువు మొదలవుతుంది.

నల్లకోటు:
శాతం మంచి పద్ధతి. దానితో పాటు, 1956 మనోవర్తి చట్టం సెక్షన్ 25 ప్రకారం పరిస్థితులు గణనీయంగా మారితే డిక్రీతో నిర్ణయించిన మొత్తాన్నైనా, ఒప్పందంతో నిర్ణయించిన మొత్తాన్నైనా మార్చమని అడగొచ్చు.

మొత్తం ఎంతో తేల్చుకునే ముందు ఒక పని చెయ్యండి. 2020 నవంబరులో రజ్‌నేశ్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఆస్తులు, అప్పుల అఫిడవిట్ నమూనా ఇచ్చింది. జీతం, బ్యాంకు ఖాతాలు, ఇన్సూరెన్స్, లోన్లు, ఇంటి ఖర్చు, పిల్లల ఖర్చు, ఎవరి మీద ఎవరు ఆధారపడి ఉన్నారు, అన్నీ అందులో వస్తాయి. కేసు లేకపోయినా మీరిద్దరూ చెరో కాపీ నింపి మార్చుకోండి. జాయింట్ లోన్ ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. ‘ఈఎంఐ ఆయన కడతారు’ అని మీరు రాసుకున్నా బ్యాంకుకు దానితో సంబంధం లేదు, లోన్ పేపర్ల మీద మీ సంతకం ఉంటే మిమ్మల్నీ అడుగుతారు. అలాంటిది ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆ క్లాజు ఎలా రాయాలో చెబుతాను.

వేకువ:
ఒక పర్సనల్ లోన్ ఉంది, నేను కో-అప్లికెంట్‌ని. ఇంకా ఎంత బాకీ ఉందో ఆయన్ని అడిగి స్టేట్‌మెంట్ తీయిస్తాను. న్యాయసేవాధికార సంస్థకి సోమవారం ఇద్దరం కలిసే వెళ్తున్నాం.